మరిదిని రాత్రి తొమ్మిదింటికి భోజనానికి పిలవండి

పర్లాకిమిడి నుంచి ఒక పాఠకురాలు ఐదు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. ఉత్తరంలోని సంగతి క్లుప్తంగా ఇది.

ఆమె పుట్టిల్లు టెక్కలి దగ్గర. పెళ్లయి ఆరేళ్లు. భర్తకి బరంపురంలో ఉద్యోగం, శనివారం రాత్రి వచ్చి సోమవారం తెల్లారగట్ల వెళ్లిపోతారు. ఇంట్లో అత్తగారు, నాలుగేళ్ల పాప. ఈవిడ విశాఖలోని ఒక సంస్థకి ఇంటి నుంచే పని చేస్తున్నారు. అమెరికా ఆసుపత్రుల బీమా బిల్లులు చూసే పని, సాయంత్రం ఆరున్నర నుంచి రాత్రి మూడున్నర దాకా షిఫ్ట్. ఇంటికి ఫైబర్ నెట్ ఉంది. 100 ఎంబీపీఎస్ ప్లాన్, ఏడాది డబ్బు ఒకేసారి కట్టేశారు, ఇంకా ఏడు నెలలు మిగిలి ఉంది. రాత్రి ఎనిమిది దాటిందంటే స్పీడ్ నాలుగైదుకి పడిపోతుంది. మీటింగ్‌లో మాట ముక్కలు ముక్కలుగా వెళ్తుంది, కంపెనీ వీపీఎన్ (ఆఫీసు కంప్యూటర్లతో కలిపే భద్రమైన దారి) తెగిపోతుంది. పదకొండున్నర తర్వాత ఏమీ జరగనట్టు మళ్లీ మామూలే. టీమ్ లీడర్ ఇప్పటికి రెండు మెయిళ్లు పెట్టారు. మూడోసారి జరిగితే విశాఖ వచ్చి ఆఫీసులో కూర్చోమన్నారు.

అసలు చిక్కు ఇక్కడుంది. ఆ కంపెనీ కనెక్షన్లు ఊళ్లో చూసే ఆపరేటర్ ఆమె అత్తగారి సొంత చెల్లెలి కొడుకు, అంటే వరసకి మరిది. ఫోన్ చేస్తే కాదనకుండా వస్తాడు. మూడుసార్లు వచ్చాడు, మూడుసార్లూ పొద్దున్న పదకొండు గంటలకే. బాక్స్ ఆపి, మళ్లీ వేసి, ఫోన్‌లో 94 చూపించి, "చూడండి వదినా, దుమ్ము లేపేస్తోంది" అని టీ తాగి వెళ్లాడు. కస్టమర్ కేర్‌కి చేస్తే ఒడియాలో మాట్లాడి, మీ లోకల్ పార్ట్‌నర్‌నే అడగమన్నారు. కంపెనీకి గట్టిగా కంప్లైంట్ పెడతానంటే అత్తగారు, "నా చెల్లెలి కొడుకు మీద ఫిర్యాదు పెడితే రేపు వాళ్ల గుమ్మం ఎలా ఎక్కను?" అంటున్నారు. "ఇంత టెన్షన్ పడే ఉద్యోగం ఎందుకు, మానెయ్" అని కూడా అంటున్నారు. పక్కనే పాతపట్నంలో ఉన్న అక్క ఇంట్లో నెట్ బాగా వస్తోందట, అక్కడి నుంచి లాగించుకోవచ్చా అని ఒక ప్రశ్న. మరిదితో తగువు పెట్టుకోవాలా, ఉద్యోగం వదులుకోవాలా అన్నది ఆఖరి ప్రశ్న.

*

అమ్మా, మీ ఉత్తరంలో నన్ను ముందు పట్టుకున్నది "పొద్దున్న పదకొండు గంటలకే" అన్న మాట. జ్వరం రాత్రి వస్తోంది, డాక్టరు పగలు వచ్చి చెయ్యి పట్టుకుని చూసి ఒళ్లు చల్లగానే ఉందంటున్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. మీరూ చెప్పట్లేదు. అందుకని ఇప్పుడే తగువు దాకా వెళ్లక్కర్లేదు. రాత్రి తొమ్మిదింటికి మీ ఇంట్లో ఏం జరుగుతోందో ఇద్దరూ ఒకేసారి చూసే ఏర్పాటు చేయాలి. దానికంటే ముందు మీరు ఒక్కరే చేసుకోవాల్సిన పని కొంత ఉంది.

నెట్ నెమ్మదించడానికి మూడు చోట్ల కారణం ఉండొచ్చు. మీ ఇంటి లోపలి వైఫై, స్తంభం నుంచి మీ ఇంటికి వచ్చే తీగ, ఆ తీగ వెనక ఊరందరికీ కలిపి కంపెనీ ఇచ్చిన సామర్థ్యం. ఈ మూడింటికీ మందులు వేరు. ఏదో తేలకుండా మాట్లాడితే మీరు మూడోదాని గురించి అంటారు, అతను మొదటిదాని గురించి జవాబు చెప్తాడు. ఇప్పటిదాకా జరిగింది అదే అనిపిస్తోంది.

ఇంటి లోపలితో మొదలుపెడదాం. మీ బాక్స్ హాల్లో ఇనప బీరువా మీద, జగన్నాథస్వామి పటం వెనక ఉందని, దుమ్ము పడకుండా అత్తగారు దాని మీద కుట్టుపని చేసిన గుడ్డ కప్పారని రాశారు. మీరు పని చేసేది వెనక గదిలో, మధ్యలో పాతకాలం మందపాటి గోడలు రెండు. వైఫైకి ఇనుము అస్సలు పడదు, మందపాటి గోడా పడదు. గుడ్డ సిగ్నల్‌ని ఆపదు గానీ బాక్స్ వేడి బయటికి పోనివ్వదు, వేడెక్కిన బాక్స్ మొరాయిస్తుంది. ఆ బాక్స్‌లో రెండు రకాల వైఫై ఉండి ఉంటుంది. 2.4 గిగాహెర్ట్జ్ గోడలు దాటి కాస్త దూరం వెళ్తుంది కానీ నెమ్మది. పైగా చుట్టుపక్కల ఇళ్ల బాక్సులన్నీ అందులోనే అరుస్తుంటాయి, ఒకదానికొకటి అడ్డం రాని చానళ్లు అందులో మూడే, 1, 6, 11. ఐదు గిగాహెర్ట్జ్ వేగంగా ఉంటుంది, గోడ దాటడానికి మాత్రం కష్టపడుతుంది. మీ లాప్‌టాప్ వెనక గదిలో ఏది దొరికితే అది పట్టుకుని వేలాడుతోంది.

కాబట్టి మొదటి ఖర్చు ఒక లాన్ కేబుల్. క్యాట్-6 అని అడగండి, హాలు నుంచి వెనక గదికి ఎన్ని మీటర్లో కొలుచుకుని వెళ్లండి. కొన్ని వందల్లో అయిపోతుంది. బాక్స్ నుంచి నేరుగా లాప్‌టాప్‌కి గుచ్చి, వైఫై ఆపేసి పని చేయండి. రాత్రి తొమ్మిదికి కూడా బాగుందంటే కథ అక్కడితో అయిపోయింది, మరిదికి మీరే ఒక టీ బాకీ. నా సంగతి చెప్తాను. రాయగడలో ఉన్నప్పుడు నేనూ ఆర్నెల్లు కంపెనీని తిట్టాను. చివరికి చూస్తే బాక్స్ వెనక పసుపు రంగు సన్నటి తీగని బల్లకీ గోడకీ మధ్య నొక్కేసింది నేనే. ఫైబర్ లోపల గాజు, మడత పడితే వెలుతురు కారిపోతుంది. మీది కూడా ఒకసారి వంగి చూడండి.

అయితే మీ విషయంలో తీగ గుచ్చినా తీరదని నా అనుమానం. గోడలు పొద్దున్నా ఉన్నాయి, బీరువా పొద్దున్నా ఉంది. ఎనిమిదికి మొదలై పదకొండున్నరకి పోయే జబ్బు ఇంట్లోది కాదు. వీధిలో తీగ లోపమూ అంత టైము చూసుకుని రాదు. తిత్లీ తుఫాను తర్వాత, 2018 నుంచి, మన వైపు స్తంభాల మీద తీగలు ఎలా ఉన్నాయో చూస్తూనే ఉన్నాం, జాయింటు మీద జాయింటు. అలాంటి లోపమైతే పగలూ రాత్రీ ఒకేలా ఏడిపిస్తుంది, లేదా వానకి తెగుతుంది. అది తేల్చడం మీ మరిదికి నిమిషం పని. తీగలో వెలుతురు ఎంత వస్తోందో కొలిచే పవర్ మీటర్ అతని దగ్గర ఉంటుంది. అందులో అంకె మైనస్ ఇరవైకి అటూ ఇటూ ఉంటే బాగున్నట్టు, మైనస్ 27 దాటితే ఎక్కడో కారుతున్నట్టు. అడిగి ఆ అంకె రాసుకోండి.

మిగిలింది మూడోది. పెళ్లిలో మూడొందల మందిని పిలుస్తాం, బంతికి అరవై విస్తళ్లే వేస్తాం. అందరూ ఒకేసారి ఆకలితో రారన్న ధైర్యం. నెట్ కంపెనీలది కూడా ఇదే లెక్క. మీ పేటలో మూడొందల ఇళ్లకి 100 ఎంబీపీఎస్ చొప్పున అమ్మారనుకోండి, అందరికీ నిజంగా ఇవ్వాలంటే 30,000 కావాలి. అంత ఎవరూ పెట్టరు, పెట్టక్కర్లేదు కూడా. పొద్దున్న పదకొండుకి మగవాళ్లు పనుల్లో, పిల్లలు బడిలో ఉంటారు, బంతి ఖాళీ. మీకు 94 వచ్చేది అందుకే. రాత్రి ఎనిమిదికి ప్రతి ఇంట్లో టీవీ, నాలుగు ఫోన్లు, కింద రీల్సు, పైన క్రికెట్టు. విస్తళ్లు చాలవు. ఇది దొంగతనమేమీ కాదు, కానీ మూడొందల మందిని పిలిచి ఇరవై విస్తళ్లే వేస్తే మాత్రం అడగాల్సిందే.

అడగాలంటే చేతిలో కాగితం ఉండాలి. ఒక నోటు పుస్తకం తీసి వారం రోజులు రాయండి: పొద్దున్న పదకొండు, రాత్రి ఏడు, తొమ్మిది, పది, పన్నెండు. లాన్ తీగ గుచ్చి, ఇంట్లో టీవీ, ఫోన్లు నెట్ నుంచి తీసేసి స్పీడ్ టెస్ట్ చేయండి. డౌన్‌లోడ్, అప్‌లోడ్, పింగ్ (మనం పంపింది వెళ్లి జవాబు తిరిగొచ్చే టైము) మూడూ రాయండి, స్క్రీన్‌షాట్ తీయండి. ఒక్క కిటుకు. టెస్ట్ యాప్ తనంతట తాను దగ్గర్లోని సర్వర్‌ని ఎంచుకుంటుంది, అది చాలాసార్లు మీ కంపెనీదే అవుతుంది. ఇంటి గుమ్మం నుంచి వీధి చివరి దాకా ఎంత వేగంగా నడిచామో కొలిచినట్టుంటుంది. సర్వర్ మార్చి హైదరాబాదో ముంబయో పెట్టండి. మరిది చూపించిన 94 ఏ సర్వర్‌దో కూడా తేలుతుంది.

మీ పనికి స్పీడ్ కంటే పింగ్ ముఖ్యమని గుర్తుంచుకోండి. వీడియో మీటింగ్‌కి మూడు నాలుగు ఎంబీపీఎస్ నిలకడగా వస్తే చాలు. మీకు నాలుగైదు వస్తున్నా గొంతు తెగుతోందంటే డేటా మధ్యలో పోతోంది, లేదా ఒకటి ముందు ఒకటి వెనక వస్తోంది. వీపీఎన్ తెగేదీ అందుకే. దీన్ని అరగంట పాటు పింగ్ పెట్టి రికార్డు చేయొచ్చు. మీ ఆఫీసు ఐటీ వాళ్లనడిగితే ఎలాగో రెండు నిమిషాల్లో చూపిస్తారు. పైగా వాళ్లని అడిగారంటే మీరు ఊరికే కూర్చోలేదన్నది టీమ్ లీడర్‌కి కూడా తెలుస్తుంది. ఆ మెయిళ్లకి మీరు ఇప్పటిదాకా "సారీ, నెట్ ప్రాబ్లమ్" అని మాత్రమే జవాబిచ్చానన్నారు. ఈసారి వారం పట్టికతో, ఏం చేస్తున్నారో, ఎప్పటికి తేలుతుందో రాయండి. కావాలంటే మీటింగులు పదకొండున్నర తర్వాతికి మార్చమని ఓ రెండు వారాలకి అడగండి. ఒప్పుకోకపోవచ్చు. అడగడం వల్ల పోయేదేం లేదు.

ఇప్పుడు మరిది. అతన్ని ఒక శనివారం రాత్రి, మీ ఆయన ఇంట్లో ఉన్నప్పుడు, భోజనానికి పిలవండి. ఎనిమిదిన్నరకి రమ్మనండి, మీటరు తెచ్చుకోమనండి. పిలిచేది మీ ఆయనే కావాలి, వాళ్లిద్దరూ అన్నదమ్ములు. "నువ్వే చూసుకో" అని ఆయన తప్పుకోవడం నాకు నచ్చలేదు. మీ జీతం ఇంటికి వస్తున్నప్పుడు ఆ ఒక్క ఫోన్ ఆయన చేయొచ్చు. తొమ్మిదింటికి లాప్‌టాప్ తీగతో గుచ్చి, హైదరాబాద్ సర్వర్ పెట్టి, ఆ అంకెని అతని చేతే చూపించుకోండి. పుస్తకం పక్కన పెట్టండి. నిందగా ఒక్క మాటా వద్దు. "ఇది నీ చేతిలో ఉందా, కంపెనీ చేతిలో ఉందా" అని మాత్రం అడగండి.

అప్పుడు రెండు జవాబుల్లో ఒకటి వస్తుంది. అతని చేతిలోదే కావచ్చు. ఒక స్ప్లిట్టర్ (ఒక ఫైబర్ తీగని చాలా ఇళ్లకి చీల్చే పెట్టె) మీద ఇళ్లు ఎక్కువ వేసి ఉండొచ్చు, మిమ్మల్ని వేరే పోర్టుకి మార్చగలిగి ఉండొచ్చు. అలాగైతే తేదీ చెప్పించుకోండి. లేదా, "వదినా, పైనుంచే ఇంతే ఇస్తున్నారు, నేనూ అడుగుతున్నా" అంటాడు. నాకైతే ఇదే వస్తుందనిపిస్తోంది. పొద్దున్న పూటే ఎందుకు వస్తున్నాడో కూడా దాంతో తెలిసిపోతుంది, పాపం. రాత్రి వస్తే చూపించడానికి అతని దగ్గర ఏమీ లేదు.

అతను ఆ మాట అంటే మీ ఫిర్యాదు అతని మీద కాకుండా కంపెనీ మీదకి వెళ్తుంది. అత్తగారికి చెప్పాల్సింది కూడా ఇదే. అతని ముందే, అతనికి చెప్పి నమోదు చేయండి. కస్టమర్లు నంబరు తీసుకుని రాసిన ఫిర్యాదులు ఉంటే అతను కూడా పైవాళ్లని గట్టిగా అడగగలడు. అయితే కొన్ని కంపెనీల్లో టికెట్లు, అంటే నమోదైన ఫిర్యాదులు, ఎక్కువైతే లోకల్ పార్ట్‌నర్ కమిషన్ తగ్గించే పద్ధతి ఉంటుంది. అది అతన్నే అడిగి తెలుసుకోండి. ఉందంటే, "సామర్థ్యం చాలక, లోకల్ తప్పు లేదు" అని ఫిర్యాదులో ఒక వాక్యం రాస్తే అతనికి కాస్త ఆసరా.

ఫోన్‌లో మాట్లాడి పెట్టేయడం ఫిర్యాదు కాదు. డాకెట్ నంబరు, అంటే ఫిర్యాదు నమోదైన నంబరు, ఇవ్వాలి, ఎస్సెమ్మెస్ రావాలి. 2012లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన నిబంధనల ప్రకారం కంపెనీకి కంప్లైంట్ సెంటర్, దాని పైన అప్పీలు అధికారి ఉండాలి. సెంటర్ తేల్చకపోయినా, తేల్చింది మీకు నచ్చకపోయినా 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. దాన్ని 39 రోజుల్లో పరిష్కరించాలి. ఖర్చు లేదు. నేరుగా ట్రాయ్‌కి రాయకండి, అక్కడ విడి విడి ఫిర్యాదులు చూడరు. ఒడియా ఇబ్బందిగా ఉంటే ఇంగ్లీషులో మెయిల్ పెట్టండి, అదే మేలు, రికార్డు ఉంటుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చేస్తే తెలుగులో మాట్లాడే వీలుంది. సరిహద్దు ఊళ్లలో ఉండేవాళ్లకి ఇది చాలామందికి తెలియదు.

ఫిర్యాదులో "ఇది బ్రాడ్‌బ్యాండే కాదు" అని మాత్రం వాదించకండి. 2023 జనవరి నుంచి మన దేశంలో బ్రాడ్‌బ్యాండ్ అంటే కనీసం 2 ఎంబీపీఎస్ అని లెక్క. మీ నాలుగూ ఆ లెక్కలో పాసైపోతాయి. ప్లాన్ కాగితం మీద "100 వరకు" అని ఉంటుంది, ఆ "వరకు" అన్న మాట వెనక వాళ్లు దాక్కుంటారు. మీ బలం వారం పట్టిక: రోజూ ఒకే గంటల్లో, తీగతో కొలిచినా, డబ్బు కట్టిన దాంట్లో ఇరవయ్యో వంతు. అలా రాయండి. ఏం కావాలో కూడా రాయండి. సరిచేయండి, లేదా మిగిలిన ఏడు నెలల డబ్బు వెనక్కివ్వండి.

దాంతోనూ కదలకపోతే వినియోగదారుల కమిషన్ ఉంది. 2019 చట్టం ప్రకారం మీరుండే జిల్లాలోనే వేయొచ్చు, కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా సరే. ఐదు లక్షల లోపు వాటికి ఫీజు లేదు. టెలికాం కంపెనీల మీద అక్కడ కేసు నడవదని పూర్వం వాదించేవారు, 2022 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ వాదన కొట్టేసింది. కానీ నిజం చెప్పాలంటే ఏడు నెలల చందా కోసం కమిషన్ చుట్టూ తిరిగే ఓపిక మీకు, రాత్రి మూడున్నర దాకా పని చేసి నాలుగేళ్ల పాపని చూసుకునే మీకు, ఉండకపోవచ్చు. ఇక్కడ బంధుత్వం కూడా నిజంగా చెడుతుంది. నేనైతే అప్పీలు దగ్గర ఆగిపోయి, పోయిన డబ్బు పోయిందనుకుంటాను. మీ లెక్క వేరే కావచ్చు.

ఉద్యోగం అంతవరకు ఆగదు కదా. అందుకని ఈలోగా రెండో దారి సిద్ధం చేసుకోండి. ఊళ్లో వేరే కంపెనీ ఫైబర్ ఉంటే నెలవారీ తీసుకోండి, ఏడాదిది వద్దు. తీసుకునే ముందు, అది వాడుతున్న పక్కింటివాళ్లని రాత్రి తొమ్మిదికి స్పీడ్ చూసి చెప్పమనండి. రెండూ ఒకే తీగ మీద వస్తే ప్రయోజనం లేదని కూడా గుర్తుంచుకోండి. మొబైల్ డేటా అయితే ఒక చిన్న రీఛార్జితో మూడు రాత్రులు అదే టైములో పరీక్షించండి, ఎందుకంటే టవర్ కూడా ఆ గంటల్లో కిక్కిరిసే ఉంటుంది. మీ ఫోన్ ఒక్కోసారి ఆంధ్రా టవర్ పట్టుకుంటుందని భయపడ్డారు. ఇప్పటి ప్లాన్లలో దేశంలో రోమింగ్‌కి వేరే చార్జీ సాధారణంగా ఉండదు. కిటికీ దగ్గర ఏ టవర్ బాగుంటే అదే మంచిది.

పాతపట్నం నుంచి లాగించుకోవడం మాత్రం కుదరదు. ఒకరి పేరు మీద ఉన్న కనెక్షన్‌ని ఇంకో ఊళ్లో ఇంటికి పంచడం నిబంధనలకి విరుద్ధం. కొత్తది అక్కడి కంపెనీ చేత వేయించుకుందామన్నా టెలికాం లెక్కలో ఒడిశా వేరే సర్కిల్. ఏపీ ఫైబర్‌నెట్ అయితే ఆంధ్ర ప్రభుత్వానిది, ఇవతలికి రాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు గీసిన గీత పర్లాకిమిడి ఎస్టేట్‌నే రెండు ముక్కలు చేసింది. చుట్టరికాలు ఆ గీతని లెక్కచేయలేదు గానీ నెట్ తీగ లెక్కచేస్తుంది.

ఇక అత్తగారు "మానెయ్" అనడం. ఆవిడ రోజూ చూస్తున్నది రాత్రి పదింటికి లాప్‌టాప్ ముందు చెమటలు పడుతూ, పాప ఏడిస్తే కసురుకుంటున్న కోడల్ని. ఆ కసురుకోవడం గురించి మీరే రాశారు. ఆవిడ మాటలో కొంత చెల్లెలి మీద ప్రేమ, కొంత మీ మీద జాలి ఉండొచ్చు. రెండూ కలిపి ఒకే మాటగా వస్తున్నాయి. మానేస్తే నెట్ సమస్య పోతుంది, మీ జీతం కూడా పోతుంది, తర్వాత మళ్లీ ఇంటి నుంచి చేసే పని దొరకడం అంత తేలిక కాదు. విశాఖ వెళ్తే పని నిలుస్తుంది, కానీ హాస్టల్ ఖర్చు, పాప ఎవరి దగ్గర అన్న ప్రశ్న. అత్తగారి దగ్గర వదిలితే ఆవిడ సాయం లేనిదే మీకు గడవదు, అలాంటప్పుడు ఇప్పుడే ఆవిడతో మాట తెంచుకోవడం మంచిది కాదు. ఈ రెంటిలో ఏదైనా ఆలోచించాల్సి రావచ్చు. శనివారం భోజనం, వారం పట్టిక, రెండో కనెక్షన్ అయ్యాక ఆలోచించండి. నెల రోజులు పడుతుంది.

ఒక చిన్న సంగతి మర్చిపోయాను. ఫిర్యాదు పెట్టాక ఎవరో ఫోన్ చేసి "మేడమ్, సరిచేశాం, ఓటీపీ చెప్పండి" అంటే చెప్పకండి. కొన్ని కంపెనీల్లో ఆ నంబరు చెబితే టికెట్ మూసేస్తారు. రాత్రి తొమ్మిదికి మీరే చూసుకున్నాకే చెప్పండి. అడిగేది మీ మరిదే అయినా అంతే.

బాక్స్ మీద కుట్టు గుడ్డ తీసేయమని అత్తగారికి మీరు చెప్పకండి. శనివారం అతని చేతే, "పెద్దమ్మా, ఇది వేడెక్కిపోతోంది" అని చెప్పించండి.